ఇండై నియోజకవర్గం: ఓట్ల చరిత్రపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఆస్ట్రేలియా ఫెడరల్ ఎన్నికలు వచ్చినప్పుడల్లా విక్టోరియా రాష్ట్రంలోని ఇండై పేరు వార్తల్లోకి వస్తుంది, దానితోపాటు అవే సందేహాలు మళ్లీ మొదలవుతాయి. తక్కువ ఓట్లు వచ్చినవారు ఎలా గెలిచారు, కంచుకోట ఎలా కూలింది, ఇండిపెండెంట్ల వల్ల ఒరిగేది ఏమిటి అని అడిగేవారికి ప్రతిసారీ మొదటి నుంచి చెప్పడం కంటే ఒకచోట రాసి పెట్టడం మేలనిపించింది. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

### ఊరూ పేరూ

ఇండై ఎక్కడుంది? ఈ పేరుకు ఇండియాతో ఏమైనా సంబంధం ఉందా?

సంబంధం ఏమీ లేదు. ముర్రే నది ఎగువ పాయకు ఇండై నది అని స్థానికంగా పేరు, నియోజకవర్గానికి అదే పెట్టారు. ఇంగ్లీషు అక్షరాలను చూసి చాలామంది 'ఇండీ' అని పలుకుతారు కానీ అక్కడివారు 'ఇన్‌డై' అనే అంటారు. ఇది విక్టోరియా ఈశాన్య భాగంలో సుమారు 29 వేల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. ఉత్తరాన ముర్రే నది హద్దు, ఆవలి ఒడ్డున న్యూ సౌత్ వేల్స్. వొడొంగా, వంగరట్టా, బెనల్లా, మాన్స్‌ఫీల్డ్, బీచ్‌వర్త్, బ్రైట్, మర్టిల్‌ఫర్డ్, కోర్యాంగ్ ఇక్కడి ముఖ్యమైన ఊళ్లు. విక్టోరియాలోకెల్లా ఎత్తైన శిఖరం మౌంట్ బోగాంగ్ కూడా ఈ నియోజకవర్గంలోనే ఉంది.

అక్కడి జనం ఏం చేసి బతుకుతారు? అందరూ రైతులేనా?

కాదు. పశువుల పెంపకం, పాడి, ద్రాక్షతోటలు, కలప, మంచుకొండల పర్యాటకం బయటివారికి కనిపించే జీవనాధారాలు. ఓటర్ల సంఖ్య పరంగా చూస్తే వొడొంగా, వంగరట్టా పట్టణాలలోని ఆసుపత్రులు, బడులు, గోదాములు, ప్రభుత్వ కార్యాలయాలలో పనిచేసేవారిదే పెద్ద వాటా. 1970లలో ఫెడరల్ ప్రభుత్వం ఆల్బరీ-వొడొంగా జంట పట్టణాలను అభివృద్ధి కేంద్రంగా ఎంచుకున్న తరువాత వొడొంగా పెరిగింది. దానికి ముందే, 1947 నుంచి 1971 వరకు, దగ్గరలోని బొనెగిల్లా శిబిరం మీదుగా మూడు లక్షలకు పైగా వలసదారులు ఆస్ట్రేలియాలోకి వచ్చారు. ఓవెన్స్, కింగ్ లోయలలో ఇటలీ కుటుంబాలు దశాబ్దాల పాటు పొగాకు పండించాయి. 2006లో పొగాకు సాగు ఆగిపోయాక ఆ నేలలో ద్రాక్ష, హాప్స్, పశువులు మిగిలాయి. 'పల్లెటూరి కన్సర్వేటివ్ సీటు' అని ఒక్క ముక్కలో తేల్చేసేవారు ఈ కలగలుపును లెక్కలోకి తీసుకోవడం లేదన్నది నా అభిప్రాయం.

హద్దులు మారుతూ ఉంటే పాత ఫలితాలతో పోల్చడం సరైనదేనా?

జాగ్రత్తగా పోల్చాలి. నియోజకవర్గాలలో ఓటర్ల సంఖ్య దాదాపు సమానంగా ఉండేలా ఎన్నికల కమిషన్ ఆధ్వర్యంలో పునర్విభజన జరుగుతుంది, ఇందులో పార్టీల చేతివాటానికి తావు చాలా తక్కువ. ఇండై పేరు మాత్రం 1901 తొలి ఎన్నిక నుంచి ఒక్కసారి కూడా తెగకుండా కొనసాగుతోంది. దక్షిణ, పశ్చిమ అంచులలో ఊళ్లు వచ్చి పోతున్నా, వంగరట్టా, బీచ్‌వర్త్ ప్రాంతమే దానికి గుండెకాయ.

### ఓటు వేసేటప్పుడు

నచ్చిన అభ్యర్థి పేరు పక్కన ఒక టిక్కు పెడితే చాలదా?

చాలదు, ఆ ఓటు చెల్లదు. ప్రతినిధుల సభకు (దిగువ సభకు) ఇచ్చే పచ్చ కాగితం మీద ఆరుగురు అభ్యర్థులుంటే 1 నుంచి 6 దాకా అందరికీ అంకెలు వేయాలి. మన దగ్గర పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఓటు వేసినవారికి ప్రాధాన్య ఓటు కొత్తేమీ కాదు. తేడా ఏమిటంటే, ఎమ్మెల్సీ ఓటులో మొదటి ప్రాధాన్యం ఒక్కటి వేసి వదిలేయవచ్చు, ఇక్కడ మాత్రం బొత్తిగా గిట్టనివారికి సైతం చివరి అంకె వేసి తీరాలి.

మన రెండో ఓటు ఎవరికి పోవాలో పార్టీలే నిర్ణయిస్తాయట, నిజమేనా?

నిజం కాదు. పోలింగ్ కేంద్రం బయట పార్టీల కార్యకర్తలు 'ఇలా ఓటు వేయండి' అనే చీటీలు పంచుతారు. చీటీలో ఉన్నట్టే వేస్తారా, చింపి పారేస్తారా అన్నది ఓటరు ఇష్టం. కాగితం మీద మీరు వేసిన అంకెల వరుస ఒక్కటే లెక్కలోకి వస్తుంది. పార్టీలు 'ప్రాధాన్యాల ఒప్పందం' చేసుకున్నాయని పత్రికలు రాసేది ఈ చీటీలలోని వరుస గురించే.

పోలింగ్ రోజు ఎలా ఉంటుంది? ఈవీఎంలు ఉంటాయా?

ఈవీఎంలు ఉండవు. శనివారం ఉదయం 8 నుంచి సాయంత్రం 6 వరకు బడులలో, ఊరి హాళ్లలో పోలింగ్ జరుగుతుంది. గుమాస్తా పేరూ చిరునామా అడుగుతారు, ఈ ఎన్నికలో ఇంతకుముందే ఓటు వేశారా అని అడుగుతారు, గుర్తింపు కార్డు అడగరు. వేలికి సిరా గుర్తు కూడా పెట్టరు. ఒక పచ్చ కాగితం, సెనేటుకు (ఎగువ సభకు) బల్లంత పొడవున్న తెల్ల కాగితం చేతికిచ్చి, అట్టపెట్టెతో చేసిన మరుగులోకి పంపుతారు, అక్కడ పెన్సిల్ ఉంటుంది. బయట బడి పిల్లల తల్లిదండ్రులు బ్రెడ్డులో సాసేజ్ పెట్టి, వేయించిన ఉల్లిపాయలు చల్లి అమ్ముతూ బడికి చందా పోగు చేస్తుంటారు. ఇండైలో 2013 నుంచి ఈ దృశ్యానికి నారింజ రంగు చేరింది. ఇండిపెండెంట్ తరఫు వాలంటీర్లు ఆ రంగు చొక్కాలు వేసుకుని గేటు దగ్గర నిలబడతారు.

ఓటు వేయకపోతే నిజంగా జరిమానా వేస్తారా?

వేస్తారు. తగిన కారణం చూపకపోతే ఫెడరల్ ఎన్నికల్లో 20 డాలర్ల జరిమానా కట్టాలి. 1922లో ఓటింగు 60 శాతం లోపు పడిపోవడంతో 1924లో ఓటును తప్పనిసరి చేశారు, 1925 ఎన్నికల్లో అది 90 శాతం దాటింది. పోలింగ్ శాతం పెరిగితే ఫలానా పార్టీకి లాభమన్న మన ఊహాగానాలకు ఇక్కడ చోటు లేదు, ఎందుకంటే అన్ని వర్గాల వారూ వచ్చి ఓటు వేస్తారు. ఆ కారణంగానే ఇండైలో వచ్చిన మార్పును 'వాళ్ల ఓటర్లు ఇళ్లలోంచి రాలేదు' అంటూ కొట్టిపారేయడానికి వీల్లేదు.

పర్మనెంట్ రెసిడెన్సీ ఉంది, వొడొంగాలో ఉద్యోగం చేస్తున్నాను. నాకు ఓటు ఉంటుందా?

ఉండదు. పౌరసత్వం తీసుకుని, 18 ఏళ్లు నిండి, ప్రస్తుత చిరునామాలో కనీసం ఒక నెల నుంచి నివసిస్తున్నవారే ఓటరుగా నమోదు కావాలి. 1984 జనవరి 26కు ముందే జాబితాలో ఉన్న బ్రిటిష్ ప్రజలకు మాత్రం పాత హక్కు కొనసాగుతోంది. రీజనల్ వీసాల మీద ఇటువైపు వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ ప్రశ్న తరచూ అడుగుతుంటాయి.

### లెక్కింపు

2013లో మొదటి స్థానంలో ఉన్న అభ్యర్థి ఓడిపోయారు. ఇది అన్యాయం కాదా?

మొదటి ప్రాధాన్య ఓట్లలో లిబరల్ (పేరు అలా ఉన్నా ఇది కన్సర్వేటివ్ పార్టీ) అభ్యర్థి సోఫీ మిరబెల్లాకు 44.68 శాతం, ఇండిపెండెంట్ క్యాతీ మెక్‌గోవన్‌కు 31.18 శాతం వచ్చాయి. సగం దాటినవారు ఎవరూ లేరు కాబట్టి అందరికంటే తక్కువ ఓట్లు వచ్చినవారిని తప్పించి, వారి కాగితాలపై ఉన్న తరువాతి అంకెను చూసి ఓట్లను బదిలీ చేస్తూ పోయారు. లేబర్, గ్రీన్స్, ఇతర చిన్న అభ్యర్థుల ఓట్లు కలిపి 24 శాతం ఉండగా, ప్రతి అయిదింటిలో దాదాపు నాలుగు మెక్‌గోవన్‌కు చేరాయి. చివరకు మెక్‌గోవన్‌కు 50.25 శాతం, మిరబెల్లాకు 49.75 శాతం తేలి, 439 ఓట్ల మెజారిటీతో ఫలితం వచ్చింది. అన్యాయమా కాదా అన్నది మీరు వేసే ప్రశ్నను బట్టి ఉంటుంది. 'ఎక్కువమందికి మొదటి ఇష్టం ఎవరు' అని అడిగితే మిరబెల్లా, 'ఈ ఇద్దరిలో ఎవరు కావాలి' అని అడిగితే మెక్‌గోవన్. ఆస్ట్రేలియా చట్టం అడిగేది రెండో ప్రశ్న.

ఆ పద్ధతిని లేబర్ పార్టీ తెచ్చిందా?

సరిగ్గా తిరగబడిన సంగతి ఇదే. 1918 అక్టోబరులో పశ్చిమ ఆస్ట్రేలియాలోని స్వాన్ ఉప ఎన్నికలో నేషనలిస్టులు (అప్పటి కన్సర్వేటివ్ పాలక పార్టీ), రైతు అభ్యర్థి పోటీపడి ఓట్లు చీల్చుకోగా, మూడో వంతుకు కాస్త పైబడిన ఓట్లతో లేబర్ గెలిచింది. దానితో ఉలిక్కిపడిన కన్సర్వేటివ్ ప్రభుత్వం అదే ఏడాది ప్రాధాన్య ఓటు తెచ్చింది. డిసెంబరులో విక్టోరియాలోని కొరంగమైట్ ఉప ఎన్నికలో మొదటి లెక్కలో లేబర్ ముందున్నా, ప్రాధాన్యాల బదిలీతో రైతు సంఘం అభ్యర్థి విలియం గిబ్సన్ గెలిచారు. పట్నపు కన్సర్వేటివ్, పల్లె కన్సర్వేటివ్ ఒకరినొకరు దెబ్బతీసుకోకుండా ఉండేందుకు కట్టిన గట్టు అది. 95 ఏళ్ల తరువాత ఇండైలో లేబర్, గ్రీన్స్ ఓటర్లు ఒక ఇండిపెండెంట్‌ను అదే గట్టు మీదుగా నడిపించి, లిబరల్ సీటును దాటించారు.

ఫలితం రావడానికి అన్ని రోజులు ఎందుకు పట్టింది?

పోలింగ్ సెప్టెంబరు 7న జరిగితే, తేలడానికి పది రోజులు దాటింది. పోలింగ్ రోజుకు ముందే పోస్టు చేసిన ఓట్లు 13 రోజుల దాకా అందవచ్చు. వేరే నియోజకవర్గాలలో వేసిన ఓట్లు కవర్లలో తిరిగి సొంత నియోజకవర్గానికి రావాలి. 439 ఓట్ల తేడా మనకు స్వల్పంగా కనిపించినా, దానంతటదే రీకౌంటింగ్ జరగాలంటే తేడా 100 ఓట్ల లోపు ఉండాలి.

### 1901 నుంచి 2010 వరకు

మొట్టమొదటి ఎంపీ ఎవరు?

ఐజక్ ఐజక్స్. దర్జీ కొడుకైన ఆయన యాకండాండా, బీచ్‌వర్త్ ఊళ్లలో పెరిగారు. 1901లో ప్రొటెక్షనిస్టుగా (దిగుమతి సుంకాలతో దేశీయ పరిశ్రమలను కాపాడాలనే పార్టీ) గెలిచి, 1906లో రాజీనామా చేసి హైకోర్టు (అక్కడ అదే దేశపు అత్యున్నత న్యాయస్థానం) న్యాయమూర్తి అయ్యారు, తరువాత ప్రధాన న్యాయమూర్తి, 1931లో ఆస్ట్రేలియాలో పుట్టినవారిలో తొలి గవర్నర్ జనరల్ అయ్యారు.

ఈ సీటు మొదటి నుంచీ లిబరల్ కంచుకోటేనా?

కాదు. తొలి రెండు దశాబ్దాలు ఇది అటూ ఇటూ ఊగిసలాడింది. లేబర్ నాయకుడు పార్కర్ మొలోనీ 1910లో గెలిచి, 1913లో ఓడి, 1914లో తిరిగి గెలిచి, 1917లో మళ్లీ ఓడారు. 1919లో రైతు అభ్యర్థి రాబర్ట్ కుక్ రావడంతో కంట్రీ పార్టీ (పల్లె ప్రాంతాల కన్సర్వేటివ్ పార్టీ, ఇప్పటి నేషనల్స్) దశ మొదలైంది. 1931 తరువాత లేబర్ ఇక్కడ గెలవనే లేదు, పోటీ కన్సర్వేటివ్ కుటుంబంలోని అన్నదమ్ముల మధ్యనే సాగింది. కంట్రీ పార్టీకి చెందిన మ్యాక్ హోల్టెన్ 1958 నుంచి దాదాపు ఇరవై ఏళ్లు ఎంపీగా ఉన్నారు. కాలింగ్‌వుడ్ తరఫున ఫుట్‌బాల్ ఆడి, వంగరట్టా జట్టుకు కోచ్‌గా పనిచేసినందువల్ల ఆయనను ఎరగనివారు ఉండేవారు కారు. ఆయననే 1977లో లిబరల్ అభ్యర్థి యూవెన్ క్యామెరన్ ఓడించారు. ఆ తరువాత లూ లీబర్‌మన్, సోఫీ మిరబెల్లా వరకు 36 ఏళ్లు సీటు లిబరల్ చేతిలోనే ఉంది.

నామినేషన్ వేయడం మరచిపోయి సీటు పోగొట్టుకున్నారట, ఆ కథ నిజమేనా?

నిజమే. 1928లో సిట్టింగ్ ఎంపీ రాబర్ట్ కుక్ గడువులోగా నామినేషన్ దాఖలు చేయలేదు. దానితో లేబర్ అభ్యర్థి పాల్ జోన్స్ ఎన్నిక ఏకగ్రీవమైంది. సర్పంచి పదవులు ఏకగ్రీవం కావడం మనకు తెలుసు కానీ, గెలిచే అవకాశం ఉన్న ఎంపీ సీటు కాగితం ఆలస్యమై చేజారడం అరుదు. అయితే అది గాలివాటం గెలుపని జోన్స్‌ను తీసిపారేయడానికి లేదు, 1929లో ఆయన పోటీ ఎదుర్కొని మళ్లీ గెలిచారు, 1931లో ఓడిపోయారు.

ఇండై నుంచి ప్రధాని ఎవరైనా వచ్చారా?

నేరుగా రాలేదు. జాన్ మెక్ఎవెన్ 1937 నుంచి 1949 వరకు ఇండై ఎంపీ. సభలో స్థానాల సంఖ్య పెంచినప్పుడు ఆయన కొత్తగా ఏర్పడిన ముర్రే నియోజకవర్గానికి మారారు. 1967 డిసెంబరులో ప్రధాని హెరాల్డ్ హోల్ట్ సముద్రంలో ఈతకు దిగి కనిపించకుండా పోయాక, మూడు వారాల పాటు ప్రధానిగా ఉన్నది ఈయనే.

### 2013 తరువాత

దేశమంతా లిబరల్ గాలి వీచిన ఏడాది లిబరల్ ఎంపీ ఎలా ఓడారు?

2013లో టోనీ అబాట్ నాయకత్వంలో లిబరల్-నేషనల్స్ కూటమి అధికారంలోకి వచ్చింది. ఆ ఎన్నికల్లో ఓడిన కూటమి సిట్టింగ్ సభ్యురాలు మిరబెల్లా ఒక్కరే, అదీ మంత్రి పదవి ఖాయమనుకున్న వ్యక్తి. గాలి లేక ఓడారనడానికి లేదు. కంచుకోట కావడం వల్ల ఏ పార్టీ పట్టించుకోవడం లేదన్న అసంతృప్తి అప్పటికే గూడుకట్టుకుని ఉంది. అటు గెలుపు ధీమా ఉన్న లిబరల్స్ రైలు మార్గం, మొబైల్ సిగ్నల్ గురించి తొందరపడలేదు, ఇటు గెలిచే ఆశ లేని లేబర్ ఖర్చు పెట్టలేదు. 2012లో ఏర్పడిన 'వాయిస్ ఫర్ ఇండై' అనే స్థానిక బృందం ఇళ్లలో వంటగది బల్లల చుట్టూ చిన్న సమావేశాలు పెట్టి, 400 మందికి పైగా ప్రజల మాటలు రాసుకుంది. అభ్యర్థిని వెతికింది ఆ తరువాతే. చదువులకూ ఉద్యోగాలకూ మెల్‌బోర్న్ వెళ్లిన ఈ ప్రాంతపు యువత ప్రచారంలో చురుకుగా పాల్గొంది. మెక్‌గోవన్ కూడా బయటి మనిషి కాదు, ఇండిగో లోయ రైతు, ఒకప్పుడు లిబరల్ ఎంపీ క్యామెరన్ దగ్గర పనిచేశారు. కన్సర్వేటివ్ ఇళ్లలోకి నారింజ రంగు అంత సులువుగా వెళ్లడానికి అది పనికివచ్చిందని నేను అనుకుంటాను.

లేబర్ ఓటర్లు తమ పార్టీని వదిలేశారా?

చాలామంది ఆ ఒక్క కాగితం మీద వదిలేశారు. 2013లో లేబర్ మొదటి ప్రాధాన్య ఓట్లు 12 శాతం లోపుకు పడిపోయాయి. ఇందులో లెక్క ఉంది. ఇండిపెండెంట్ గెలవాలంటే ముందు లేబర్‌ను దాటి రెండో స్థానంలోకి రావాలి, మూడో స్థానంలో ఉంటే తప్పుకోవలసింది ఆయనో ఆమెనో అవుతారు. 'లేబర్ ఎటూ గెలవదు' అని తెలిసిన ఓటరు 1 అంకెను ఇండిపెండెంట్‌కు వేసి 2ను లేబర్‌కు వేయడం వల్ల ఈ దారి తెరుచుకుంది.

2016లో మిరబెల్లా తిరిగి పోటీ చేసి ఎందుకు నెగ్గలేకపోయారు?

ప్రచారం మధ్యలో జరిగిన టీవీ చర్చలో, తాను గెలిచి ఉంటే వంగరట్టా ఆసుపత్రికి కోటి డాలర్లు ప్రకటించేవారమని, మెక్‌గోవన్ గెలవడం వల్ల ఆ సొమ్ము రాలేదని ఆమె అన్నారు. వేరేవారికి ఓటు వేసినందుకు ఊరిని శిక్షించారన్న అర్థం ఆ మాటకు వచ్చింది. పైగా ఆసుపత్రి సంగతి, ఊళ్లో దాని మీద ఆధారపడని ఇల్లు ఉండదు. నేషనల్స్ కూడా బరిలోకి దిగి 17 శాతం తీసుకోగా, మిరబెల్లా మొదటి ప్రాధాన్య ఓట్లు 28 శాతం దరిదాపులకు తగ్గాయి. మెక్‌గోవన్ 35 శాతం దరిదాపులతో మొదలుపెట్టి, చివరి లెక్కలో దాదాపు 55 శాతంతో గెలిచారు.

మెక్‌గోవన్ తప్పుకున్నాక కూడా ఇండిపెండెంటే గెలవడం అంత విశేషమా?

విశేషమే. ఇండిపెండెంట్ ఓట్లు సాధారణంగా వ్యక్తిని చూసి పడేవి, ఆ వ్యక్తి రిటైరైతే సీటు పార్టీలకు తిరిగి వెళ్లిపోతుంది. 2019లో నర్సుగా, మంత్రసానిగా, ప్రజారోగ్య పరిశోధకురాలిగా పనిచేసిన హెలెన్ హేన్స్ మొదటి ప్రాధాన్య ఓట్లలో లిబరల్ కంటే కొద్దిగా వెనుకబడి, చివరకు 51.4 శాతంతో గెలిచారు. ఒక ఇండిపెండెంట్ తరువాత అదే ఫెడరల్ సీటులో మరొక ఇండిపెండెంట్ గెలవడం అదే మొదలు. 2022లో ఆమెకు దాదాపు 59 శాతం వచ్చింది, 2025లోనూ సీటు నిలబెట్టుకున్నారు.

### లెక్కలు చదివేవారికి

అయితే ఇండై ఇప్పుడు లెఫ్ట్ వైపు తిరిగినట్టేనా?

అలా చదవడం పొరపాటు. ఎన్నికల కమిషన్ ఇలాంటి సీట్లలో కాగితాలను మరోసారి లేబర్, కూటమి అనే రెండే కుప్పలుగా లెక్కపెడుతుంది. 2013 నుంచి 2022 దాకా ఆ లెక్కలో ఇండైలో కూటమిదే పైచేయి. రాష్ట్ర ఎన్నికల్లో ఇదే ఓటర్లు బెనాంబ్రా నుంచి లిబరల్‌ను, ఓవెన్స్ వ్యాలీ నుంచి నేషనల్స్‌ను పంపుతూ వచ్చారు. 2018లోనూ 2022లోనూ బెనాంబ్రాలో ఇండిపెండెంట్ గట్టి పోటీ ఇచ్చినా గెలవలేదు. 2017 స్వలింగ వివాహ సర్వేలో ఇండై 60 శాతానికి పైగా 'అవును' అంది, 2023లో పార్లమెంటుకు సలహా ఇచ్చే ఆదిమవాసుల మండలి ('వాయిస్') కోసం జరిగిన రిఫరెండంలో తమ ఎంపీ 'అవును' పక్షాన నిలబడినా 'కాదు' అంది. ఏ కాగితానికి ఆ కాగితం వేరుగా ఆలోచించే ఓటర్లు వీరు.

లిబరల్స్, నేషనల్స్ పొత్తులో ఉండి ఒకరిపై ఒకరు ఎందుకు పోటీ చేస్తారు?

సిట్టింగ్ ఎంపీ ఈ రెండు పార్టీలలో ఒకదానివారైతే రెండోది సాధారణంగా పోటీ పెట్టదు. సీటు ఇతరుల చేతిలో ఉంటే ఎవరైనా దిగవచ్చు. ప్రాధాన్య ఓటు ఉంది కాబట్టి చీలిక నష్టం తక్కువని వారి లెక్క. అయితే నేషనల్స్ ఓటర్లలో ఒక భాగం రెండో అంకెను లిబరల్‌కు కాక ఇండిపెండెంట్‌కు వేయడంతో ఆ లెక్క ఇక్కడ కొంత తప్పుతోంది.

ఒక్క ఇండిపెండెంట్ ఎంపీ 150 మంది సభలో ఏం చేయగలరు?

ప్రభుత్వానికి పెద్ద మెజారిటీ ఉంటే ఓటుతో చేయగలిగింది కొంచెమే. 2016లో టర్న్‌బుల్ ప్రభుత్వం 76 స్థానాలతో గట్టెక్కినప్పుడు మెక్‌గోవన్ మాటకు బరువు వచ్చింది. ఫెడరల్ అవినీతి నిరోధక సంస్థ కోసం 2018లో మెక్‌గోవన్, 2020లో హేన్స్ ప్రైవేటు బిల్లులు పెట్టారు. ఆ బిల్లులు చట్టాలు కాలేదు కానీ చర్చను బతికించాయి, ప్రభుత్వం తెచ్చిన చట్టంతో 2023 జూలైలో ఆ సంస్థ పని మొదలుపెట్టింది.

వొడొంగాలో ఓటు ఉంది. పోలింగ్ రోజు వంతెన దాటి ఆల్బరీలో పని ఉంటే అక్కడే వేయవచ్చా?

ఏ కేంద్రంలో పడితే అక్కడ కుదరదు. విక్టోరియా లోపల ఏ పోలింగ్ కేంద్రానికి వెళ్లినా మీ ఓటు తీసుకుంటారు. ఆల్బరీ అయిదు నిమిషాల దూరమే అయినా అది న్యూ సౌత్ వేల్స్, నియోజకవర్గం ఫారర్. రాష్ట్రం దాటినవారి ఓట్లు తీసుకోవడానికి కొన్ని కేంద్రాలను మాత్రమే ప్రత్యేకంగా గుర్తిస్తారు, వాటి చిరునామాలు ముందే చూసుకోవాలి. అంతకంటే సులువు, ముందస్తు ఓటింగ్ రోజుల్లో వొడొంగాలోనే వేసి రావడం.